సర్వేయరు చూసిన సాహస సినిమాలు

వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు సర్వేయరు డయాలసిస్ కుర్చీకి అతుక్కుపోయేవాడు. ఎడమ చేతిలో రెండు లావుపాటి సూదులు, వాటికి గొట్టాలు, పక్కన గుయ్యిమంటూ మిషను. లేవడానికి లేదు, పక్కకు తిరగడానికి లేదు. ముక్కు దురద పెడితే గోక్కోవడానికి కుడి చెయ్యి మిగిలింది, అదే పదివేలు. ఆ చేత్తోనే ఫోను పట్టుకుని సాహస సినిమాలు చూసేవాడు. ముప్పై ఏళ్ళు కొండలూ గుట్టలూ కొలిచిన మనిషి, ఏ దర్శకుడినీ ఊరికే వదిలేవాడు కాదు.

"నిధి పటం అంట. ఉత్తరం ఎటో గుర్తు లేదు, స్కేలు లేదు. దాన్ని పట్టుకుని వీడు నిధి సంగతటుంచు, వాళ్ళిల్లు కూడా కనుక్కోలేడు," అన్నాడు నర్సుతో ఓసారి. ఆవిడ నవ్వి బీపీ రాసుకుని వెళ్ళిపోయింది.

ఎడారి సినిమాను మాత్రం సగంలో ఆపేశాడు. హీరోకి బావి దొరుకుతుంది, కడుపారా తాగుతాడు. సర్వేయరుకు డాక్టరు రోజంతటికీ మూడు గ్లాసుల నీళ్ళే రాశాడు. "అంత దాహం మీద అన్ని నీళ్ళు తాగితే చస్తాడు," అని తేల్చేశాడు గానీ, నర్సు అటు తిరగగానే బావి దగ్గరి ముక్కను వెనక్కి జరిపి ఇంకో రెండుసార్లు చూశాడు. చూస్తున్నంతసేపూ ఒళ్ళు మండిపోయింది.

ఒక రోజు గుహ సినిమా పెట్టి గంటయింది. పక్కన ఎవరో స్టూలు లాక్కుని కూర్చున్నారు. చూస్తే అక్క. బట్టలు కుడుతూ కుడుతూ లేచి వచ్చినట్టుంది, మెడలో టేపు అలాగే వేలాడుతోంది. తమ్ముడికి తన కిడ్నీ ఇస్తానని ఆర్నెల్లుగా వెంటపడుతోంది. పరీక్షలన్నీ కుదిరాయి. ఒప్పుకోనిది ఇతనొక్కడే. ఇంట్లో ఆ మాట ఎత్తితే చాలు, చెప్పులేసుకుని బయటికి నడిచేవాడు.

"ఇక్కడికెందుకొచ్చావక్కా?"

"ఇక్కడైతే లేచి పోలేవు కదరా," అంటూ ఆవిడ అతని చెవిలోంచి ఇయర్‌ఫోను లాగేసింది. "ఏంటి సినిమా?"

తలుపు పన్నెండు అడుగుల దూరంలో ఉంది. చూపుతోనే కొలిచాడు. ఉండి ఏం లాభం.

"గుహలో వీడి కాలు రాయి కింద ఇరుక్కుంటుంది. నన్నొదిలేసి వెళ్ళిపోండి అంటాడు. మనిషంటే అలా ఉండాలి."

"వెళ్ళిపోయారా మరి?"

"లేదు. అక్కడే కూచుని తవ్వుతున్నారు. అందుకే సినిమా సాగుతోంది."

"సాగనీ," అంది అక్క. సంచిలోంచి అంగీకార పత్రం తీసి అతని ఒళ్ళో పెట్టింది, పైన పెన్ను. "భయమా?"

"భయమే." తల తిప్పుకోవడం తప్ప ఇంకేం చేయలేకపోయాడు. "నావి రెండూ పాడుచేసుకున్నాను. రేపు నీది కూడా నా ఒంట్లో పాడైతే నీ మొహం ఎలా చూడను?"

ఆవిడ టేపు చివరను వేలికి చుట్టుకుంది.

"పాడైతే నువ్వు ఈ కుర్చీలోకే వస్తావు. నేను ఈ స్టూలు మీదికే వస్తాను. నీ మొహం నేను చూస్తాలే, నువ్వు సినిమా చూసుకో."

చదవకుండా సంతకం పెట్టే అలవాటు అతనికి ఉద్యోగంలోనే లేదు. అక్షరం వదలకుండా చదివాడు. చివర్లో ఒక చోట వేలు పెట్టి చూపించాడు.

"దాత ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చట. చూడు, రాసుంది."

"అది నా గురించి రాశారు. నేను మార్చుకోను. నువ్వు కానియ్యి."

సంతకం వంకరటింకరగా పడింది. అక్క కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. మిషను మీద ఇంకా గంటా నలభై నిమిషాలు చూపిస్తోంది. సర్వేయరుకు ఏడుపు తన్నుకొచ్చింది. ఎప్పటిలా లేచి బయటికి పోయే దారి లేదు. అక్క ఎదురుగానే ఏడ్చాడు.