గోరంత గోదాము

నేను స్టూడియో తలుపు తీసేసరికి మధ్యాహ్నం మూడు దాటి పది నిమిషాలైంది. లోపల మా నాన్న, బాబాయి చేతులు వెనక్కి కట్టుకుని, బహుమతి అందుకోబోయే పిల్లల్లా వరసగా నిలబడి ఉన్నారు.

ఆ నిలబడ్డ తీరు చూస్తేనే ఏదో ఘనకార్యం చేశారని అర్థమైంది.

"కళ్లు మూసుకో అమ్మలూ," అన్నాడు నాన్న.

"ఎందుకు?"

"ప్రతిదానికీ ఎందుకు అంటావేంటి? మూసుకో. ఆఁ, ఇప్పుడు తెరువు."

తెరిచాను. కంప్యూటర్ తెర మీద నాలుగు నెలలుగా నిండుతూ వచ్చి ఎర్రబడిన గీత, తోమిన పళ్లెంలా తెల్లగా మెరిసిపోతోంది.

"డిస్కు నిండబోతోందని ఎర్రగీత మొత్తుకుంటోంది," అన్నాడు బాబాయి. "శుభ్రంగా ఊడ్చేశాం!"

నేను సినిమాలకు శబ్దాలు కూర్చే ఎడిటర్ని. నాలుగు నెలలు ఒక చెరువు గట్టున మైకు పట్టుకుని కూర్చుని, నీటిపక్షుల మీద తీసిన చిత్రానికి ప్రతి రెక్కచప్పుడూ రికార్డు చేశాను. ఆ శబ్దాలన్నీ కలిపి కూర్చిన చివరి మిక్స్ ఈ సాయంత్రం ఐదింటికి నిర్మాతకు పంపాలి. ఆలస్యమైతే పోటీకి పంపే గడువు పోతుంది. మళ్లీ రికార్డు చేద్దామంటే పక్షులు పది రోజుల కిందటే ఎగిరిపోయాయి. ఇక వచ్చే ఏడాదే రావడం.

"సరే," అన్నాను. "పక్క గదిలో నల్లపెట్టెలో ఇంకో కాపీ ఉంది కదా. అది ముట్టుకోలేదు కదా?"

నాన్న బాబాయి వైపు చూశాడు. బాబాయి నాన్న వైపు చూశాడు.

"నువ్వు ఉంచావు కదరా?" అన్నాడు నాన్న.

"నేనా? నువ్వు కదా ఉంచాల్సింది!"

బాబాయి మాకు చుట్టం కాడు. నాన్న, ఆయన ముప్పై ఏళ్లు ఒకే కంప్యూటర్ సెంటర్లో డిస్కుల గది చూసుకున్నారు. వాషింగ్ మెషీన్లంత యంత్రాలు ఎనిమిది. ఒక్కోదానిలో పట్టేది మూడు వందల మెగాబైట్లు. ఆ ఒక్క యంత్రం ఖరీదుతో అప్పట్లో మేడ కట్టుకోవచ్చు. అందుకే ప్రతి శనివారం ఇద్దరూ కలిసి "కోత" వేసేవారు. ఒకే ఫైలు రెండు చోట్ల కనబడితే సీనియర్ యంత్రంలోది ఉంచాలి, జూనియర్‌ది చెరిపేయాలి. ఇదీ నియమం.

ఇక్కడే చిక్కు. నాన్న పదకొండు రోజుల ముందు ఉద్యోగంలో చేరాడు. బాబాయికి ఏడాది ముందు ప్రమోషన్ వచ్చింది. ఎవరు సీనియర్ అన్న తగువు రిటైరైనా తెగలేదు.

"ముప్పై ఏళ్లు నేనే సీనియర్ని అన్నావుగా!" అరిచాను నాన్న మీద.

"అన్నానే! ఈ వయసులో ఇంకా పంతాలేంటి, ఈ ఒక్కసారికి వాణ్నే సీనియర్ చేద్దామని నా వంతుకొచ్చిన ఈ కంప్యూటర్‌లోది చెరిపేశాను."

బాబాయి కుర్చీలో కూలబడ్డాడు. "నేనూ అదే అనుకున్నా అన్నయ్యా. పోనీలే, ఈసారికి నువ్వే పెద్దవాడివి అని నల్లపెట్టెలోది నేను తీసేశా."

నాకు నవ్వొచ్చింది. ఏడుపొచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ముక్కులోంచి గుర్రం సకిలించినట్టు చప్పుడొస్తుందని ఆరోజే తెలిసింది.

"కంప్యూటర్ చెత్తబుట్టలో ఉంటాయేమో?"

"అదీ ఖాళీ చేశాం," అన్నాడు నాన్న, ఆ మాటలో ఇంకా కాస్త గర్వం మిగిలి ఉంది.

పోయిన ఫైళ్లు వెనక్కి తెచ్చే మెకానిక్‌కు ఫోన్ చేశాను. "కొత్తరకం డిస్కులు మేడమ్, చెరిపితే నిజంగానే చెరిపేస్తాయి," అన్నాడు. "వారం పడుతుంది. ఆశ మాత్రం పెట్టుకోకండి."

మూడూ నలభై.

అప్పుడు బాబాయి ఉలిక్కిపడి లేచాడు. "అన్నయ్యా! పందెం!"

"పందెం!" అని నాన్న నుదురు కొట్టుకున్నాడు.

సంగతేమిటంటే, పొద్దున వస్తూ దారిలో నాన్న ఒక మెమరీ కార్డు కొన్నాడు. గోరంత. దాని మీద ఒక టెరాబైటు అని రాసి ఉంది. జత బూట్ల ధర. అంటే ఆయన డిస్కుల గదిలోని లాంటి యంత్రాలు మూడు వేలకు పైగా చిటికెన వేలి కొస మీద నిలబడ్డట్టు. నాన్న నమ్మలేదు. బాబాయి నమ్మాడు. చేతికందిన పెద్ద సరుకు నా పక్షులే కాబట్టి, మొత్తం మూడు వందల గిగాబైట్లూ దాంట్లోకి తోశారు.

"మింగింది," అన్నాడు నాన్న. "మింగడం ఎవడైనా మింగుతాడు. తిరిగి కక్కాలి కదా! నువ్వొచ్చాక నీ ముందే తెరిచి చూద్దామనుకున్నాం. కక్కితే నేను ఓడినట్టు. ఓడినవాడు జూనియర్."

"ఆ కార్డేది?"

"లేబులు అంటించి ఇక్కడే, టేబుల్ మీదే పెట్టాను. లేబులు లేకుండా డిస్కు టేబుల్ మీద పెట్టే అలవాటు నాకు లేదు."

టేబుల్ మీద లేదు. కింద లేదు. నాన్న జేబులు తిరగేశాం. ఒక దువ్వెన, రెండు బస్సు టికెట్లు. సోఫా దిండ్లు విప్పాం. కొరియర్ అబ్బాయి తెచ్చిన పెట్టె చింపాం. బాబాయి చీపురుతో గది ఊడ్చి, ఆ దుమ్మును తెల్లకాగితం మీద పోసి, కళ్లద్దాలు పెట్టి ఏరుతున్నాడు.

"మన కాలంలో డిస్కు పోవాలంటే నలుగురు మోయాలిరా," అన్నాడు నాన్న, బీరువా వెనక నుంచి. "ఇప్పుడు తుమ్మితే పోతుంది!"

"తుమ్మకు నాన్నా!"

నాలుగున్నర. నిర్మాత ఫోన్. "ఏమ్మా, వస్తోందా?"

"వచ్చేస్తోంది సార్," అన్నాను. ఫోన్ పెట్టేసి, ఒళ్లు మండి టేబుల్ మీద పిడికిలితో ఒక్కటి గుద్దాను.

టేబుల్ కదల్లేదు.

రెండేళ్లుగా ఆ టేబుల్ మీద టైపు చేస్తే చాలు, కుంటుకుంటూ ఊగేది. ఇప్పుడు బండలా నిలబడింది. మళ్లీ గుద్దాను. ఊహూఁ.

"బాబాయ్, టేబుల్ ఎందుకు ఊగట్లేదు?"

"నేనే సరిచేశా అమ్మడూ," అన్నాడు బాబాయి దుమ్ములోంచి తలెత్తి. "డిస్కున్న చోట అదురు ఉంటే ఎలా? మా గదిలో ఎవడైనా గట్టిగా నడిస్తేనే తిట్టేవాళ్లం. ఏదో మడతపెట్టిన అట్టముక్క కనబడితే కాలికింద..."

ఆగిపోయాడు.

ముగ్గురం ఒకేసారి కిందికి వంగాం. తలలు ఢీకొన్నాయి. నాన్న టేబుల్ ఎత్తాడు, నేను అట్ట లాగాను. అరచేయంత పాత అట్ట, దాని మీద నాన్న గుండ్రటి అక్షరాలు: "డిస్కు ఒకటి. పక్షులు. అదురు తగలనివ్వరాదు." మడత విప్పితే లోపల టేపు కింద గోరంత కార్డు. చెక్క టేబుల్ బరువంతా దాని మీదే పడింది. ఒక మూల సన్నటి గీత.

కార్డు దూర్చాను. తెర మీద ఏమీ రాలేదు.

"కక్కవే తల్లీ," అన్నాడు నాన్న మెల్లగా. పందెం ఓడిపోవాలని అంతలా కోరుకున్న మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టాను. ఒకటి. రెండు. మూడు. టపామని ఫోల్డర్లు తెరుచుకున్నాయి. చివరి మిక్స్ నొక్కాను. స్పీకర్లలోంచి వెయ్యి రెక్కలు ఒక్కసారిగా నీటి మీంచి లేచాయి.

"ఓడిపోయాను!" అని నాన్న గంతేశాడు. "ఒరేయ్, ఓడిపోయానురా! నేనే జూనియర్ని!"

"నువ్వే జూనియర్‌వి అన్నయ్యా!" అని బాబాయి ఆయన్ని కావలించుకున్నాడు. చీపురు ఇంకా చేతిలోనే ఉంది.

నాలుగూ యాభై మూడుకి మిక్స్ వెళ్లిపోయింది. "అందింది. అద్భుతం" అని నిర్మాత కబురు పెట్టాడు. నేను నేల మీదే కూర్చుండిపోయాను.

నాన్న మాత్రం కూర్చోలేదు. వీధిలోకి పరుగెత్తి, ఇంకో ఆరు కార్డులు కొనుక్కొచ్చి, అట్టలు కత్తిరించి, ఆరింటికీ లేబుళ్లు రాయడం మొదలుపెట్టాడు. రాస్తూ రాస్తూ ఆగి, మొదటి కార్డు వివరాలు తెర మీద చూసి కళ్లు నులుముకున్నాడు. మా పక్షులన్నీ ఎక్కాక కూడా దాంట్లో సగానికి పైగా ఖాళీ.

"సీనియర్ గారూ," అన్నాడు, లేచి నిలబడి. "అన్నీ ఒకే సరుకు. ఏడు కాపీలు అవుతాయి. ఏవి చెరపమంటారు?"

బాబాయి గొంతు సవరించుకున్నాడు. ముప్పై ఏళ్లలో ఆయన ఇవ్వలేకపోయిన ఆర్డరు అది.

"ఏదీ చెరపొద్దు. చోటు బోలెడుంది."