నిరుటి గౌను

అక్క ఆ క్యాసెట్టును పాత జేబురుమాలులో చుట్టి తెచ్చింది. విప్పకముందే అదేమిటో నాకు తెలిసిపోయింది. పాత టేపుల్లోని గొంతులను బాగుచేసి కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. ఈ ఒక్క టేపు మాత్రం నా బల్ల మీదికి రాకూడదని ఏళ్ల తరబడి కోరుకున్నాను.

"మనవరాలికి రేపు ఏడు నిండుతాయిరా. నా ఏడో ఏటి పాట దానికి వినిపించాలి. ఎంత నలిగినా నువ్వు బతికిస్తావుగా, టేపుల డాక్టరువి!"

ఏడో ఏట అక్క ఎదగడం గురించి సొంతంగా ఒక పాట కట్టింది. ఆ తర్వాత ప్రతి పుట్టినరోజుకీ ఒక చరణం చేర్చేది. నాన్న రికార్డు చేసేవాడు. పదిహేనో ఏట పాడటం అయ్యాక, క్యాసెట్టు అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను గోటితో విరిచేసింది. అది విరిస్తే దాని మీద ఇంకెవరూ రికార్డు చేయలేరు.

"ఇక దీని జోలికి రాకు" అంది నాతో.

నాకప్పుడు పన్నెండు. గొంతు బొంగురుపోతోంది. అంతకుముందు నన్నూ పాడమనేవారు. ఆ ఏడు ఎవరూ అడగలేదు. మర్నాడు ఆ ముక్క విరిగిన చిల్లు మీద ప్లాస్టరు అంటించి, మళ్లీ రికార్డయ్యేలా చేసి, ఆమె పాట చెరిగిపోయేలా దాని మీదే వెక్కిరిస్తూ నేను పాడాను. తర్వాత భయం వేసి, టేపును ప్లేయరు నమిలేసిందన్నాను. అది చాలక, "ప్లేయరులోనే వదిలేశావు, అందుకే" అని తప్పు ఆమె మీదికి తోశాను. యంత్రాల సంగతి ఇంట్లో నాకే తెలుసని పేరు. అక్క నమ్మి, మళ్లీ పెట్టి చూడకుండా దాచేసింది. పదహారో చరణం కట్టలేదు.

ఇప్పుడు టేపును దీపం కింద తిప్పి చూస్తున్నట్టు నటించాను. పసుపెక్కిన ప్లాస్టరు మీద నా బొటనవేలు ఉంది.

"బూజు పట్టిందక్కా. ఏమీ మిగల్లేదు."

"అయ్యో. సరే, పారేయ్. ప్లేయరులో వదిలేసింది నేనే కదా."

చెత్తబుట్ట నా కాళ్ల దగ్గరే ఉంది. కానీ ఆ మాట ఆమె ఎంత తేలిగ్గా అంది! తన పుట్టుమచ్చ గురించి చెప్పినట్టు. నేను క్యాసెట్టును ప్లేయరులో పెట్టి మీట నొక్కాను.

"మా అక్క ఎదిగింది నిచ్చెనలాగా, బుర్ర మాత్రం ఉంది బొత్తాములాగా..."

అక్క పకపకా నవ్వింది. "ఒరేయ్, ఇది నువ్వే! ఏం గొంతురా బాబూ, తలుపు కీచుమన్నట్టు!" నవ్వు సగంలో ఆగింది. క్యాసెట్టు వైపు వంగి చూసింది.

"ఈ ప్లాస్టరు ఎవరు వేశారు?"

"నేనే."

"ప్లేయరు నమల్లేదా?"

"లేదు."

"మరి నేను వదిలేశానన్నది..."

"అబద్ధం."

తిడితే బాగుండేది. తిట్టలేదు. నిజం చెప్పేశానన్న చిన్న గర్వం నాలో ఒక మూల తల ఎత్తింది. దాన్ని చూసుకుని మరింత కుంచించుకుపోయాను.

టేపులో కుర్రాడు అలసిపోయి ఆగాడు. టక్కుమని చప్పుడు. ఆ వెనకాల, నేను చెరపకుండా మిగిలిపోయిన పదకొండు సెకన్లలో, పదిహేనేళ్ల అమ్మాయి పాడింది:

"నిరుటి గౌను నాకు చాలదు,
నిరుటి నేను నాకు చాలను..."

"మళ్లీ పెట్టు" అంది అక్క. పెట్టాను. మూడోసారి ఆమే మీట నొక్కింది.

"ఇది నేను కట్టానా? మరి ఎందుకు మానేశాను?"

"నా వల్లేనక్కా, నేను..."

"నీ సంగతి కాదురా ఇప్పుడు."

అక్క క్యాసెట్టు తీసి నా చేతిలో పెట్టింది.

"ఈ చివరి ముక్క ఎక్కించి ఇవ్వు. మిగతాది నువ్వే ఉంచుకో."

ఎక్కించాక కంప్యూటరు తెర మీద నా గొంతు గీతలు గీతలుగా ఈ చివర నుంచి ఆ చివరి దాకా పరుచుకుని ఉంది. దాని తోకన ఆమెది, గోరంత. ఎక్కడ కత్తిరించాలో వెతికి, ఆ టక్కుమన్న చప్పుడు దగ్గర కత్తిరించాను. పదకొండు సెకన్లు అక్కకు ఇచ్చి, మిగతాది నా పేరుతో దాచుకున్నాను.