చెమ్మ గోడ

గోడకు నాలుగు వైపులా టేపు వేసి అంటించిన ప్లాస్టిక్ కాగితాన్ని అతను ఒక మూల నుంచి మెల్లగా ఊడదీశాడు. లోపలి వైపు అరచెయ్యి ఆనించి చూసుకున్నాడు. ఆరు రోజులుగా పొద్దున్నే ఇదే పని. నిన్నటిదాకా కాగితం కింద చెమట పట్టినట్టు నీటి చుక్కలుండేవి. ఇవాళ లేవు.

"ఏం బాబాయ్, ఇంకా గోడతో మంతనాలేనా, రంగేసేదేమైనా ఉందా?" అంది టైలరమ్మ, మిషను మీంచి తల తిప్పి. ఇల్లు ఆవిడదే.

"ఎండిందమ్మా. ప్రైమరేస్తా. తర్వాత నాలుగు గంటలు ఆరనీ."

ఆ 'ఆరనీ'యే అతని పేరైపోయింది. తోటి పనివాళ్ళు మొహం మీదే అలా పిలిచేవారు, అతనూ పలికేవాడు. నలభై ఏళ్ళలో చెమ్మ ఆరకుండా అతను రంగు వేసిన గోడ లేదు, ఈ ఒక్కటి తప్ప.

పోయిన ఏడాది దీని వెనక స్నానాలగది గొట్టం కారుతోందని అతనికి తెలుసు. వేలితో నొక్కితే చల్లగా తగిలింది. కానీ ఆ రోజు భార్య ఆసుపత్రిలో ఉంది. తడి మీదే పుట్టీ పెట్టి, దాని మీదే రంగు కొట్టేసి, రెండు గంటలు ముందుగా పరిగెత్తాడు. వెళ్ళేసరికి మంచం ఖాళీ. దుప్పటి మడతపెట్టి ఉంది. ఇక్కడ మూడు నెలల్లో గోడ పొక్కులు లేచి పెచ్చులూడింది. రెంటికీ చెడ్డ రేవడినయ్యాననుకున్నాడు.

భార్య పోయినప్పుడు అతను ఏడవలేదు. ఏడవాలని తెలుసు, రాలేదు, అంతే. తింటున్నాడు, పడుకుంటున్నాడు, అడిగినదానికి జవాబు చెబుతున్నాడు. సిగ్గొక్కటే మిగిలింది. పిలవకుండానే వచ్చి, గొట్టం బాగుచేయించి, పాత పూతంతా సిమెంటు తేలేదాకా గీకేశాడు. అప్పుడెందుకలా చేశావని టైలరమ్మ అడిగితే "తొందరపడ్డానమ్మా" అన్నాడే గానీ ఆసుపత్రి మాట ఎత్తలేదు. ఈ ఒక్క గోడ నిలబడితే చాలు. వేరే కోరికేదీ అతనికి లేదు.

గుడ్డతో దుమ్ము తుడిచి, పై నుంచి కిందికి ప్రైమరు వేశాడు. ఒక పట్టీ అంచు తడారకముందే పక్క పట్టీ కలిపాడు, అతుకు గీత పడకూడదని. పదకొండుకు పూర్తయింది. కూతురు ఫోను చేసింది.

"తిన్నావా నాన్నా?"

"తింటాలే. ప్రైమరు ఆరనీ."

"నువ్వూ నీ గోడలూ!" అని నవ్వి పెట్టేసింది.

ఎడమ భుజం లాగుతోంది. రోజూ ఉండేదేగా అనుకుని, తలుపుకు వీపు ఆనించి, గోడకెదురుగా నేల మీద కూర్చున్నాడు. పూత ఆరేటప్పుడు పలకరిస్తే చిరాకు పడతాడని టైలరమ్మకు తెలుసు. టీ గ్లాసు పక్కన పెట్టి చప్పుడు చేయకుండా వెళ్ళింది. రెండుసార్లు తొంగి చూసింది. కునుకు పట్టినట్టుంది, పోనీలే పాపం అనుకుని మిషను కూడా ఆపేసింది.

మూడింటికి వచ్చి, "బాబాయ్, నాలుగు గంటలైంది" అంది.

టీ తాగలేదు. ఆవిడ మళ్ళీ పిలిచింది. తర్వాత భుజం మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది.

నాలుగో రోజు కూతురు ఆటోలో వచ్చి నిచ్చెనా డబ్బాలూ ఎక్కించుకుంది. వెళ్ళబోతూ గోడను నిమిరింది.

"అమ్మ పోయిన రోజు నాన్న పనిచేసింది ఇక్కడేనండీ. పని తొందరగా ముగించి పరిగెత్తుకొచ్చినా అమ్మ అందలేదు ఆయనకి."

"నాతో ఒక్క మాటైనా అనలేదమ్మా. నేనేమో గోడ పాడుచేశావని నిష్ఠూరమాడాను" అంది టైలరమ్మ. ఆవిడకు తన మీద తనకే అసహ్యమేసింది. గోడ మీద ఒక్క పొక్కు కూడా లేదు.

ఆటో వెళ్ళాక కిటికీ గట్టు మీద ఏదో కనబడింది. తర్వాతి పూతకని అతను తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టుకున్న కుంచె. ఆవిడ ముడి విప్పి వేళ్ళతో నొక్కి చూసింది. కుచ్చు ఇంకా మెత్తగా, తడిగా ఉంది.