వేడినీళ్ళ స్విచ్

దేశంగాని దేశంలో యూనిఫారాలు కుట్టే ఆమెకు అక్క పెట్టిన షరతు ఒక్కటే: ఫోన్ చేస్తే ముందు ఆ రోజు దొరికిన సుఖం ఒకటి చెప్పాలి, ఏడుపు ఆ తర్వాతే.

"కుళాయి తిప్పితే వేడినీళ్ళక్కా. ఆ నీళ్ళు కాచే మిషన్‌కి దణ్ణం పెట్టాలి" అని ఏడాదిగా అదే చెబుతోంది.

ఆ రోజు, తనతో గదిలో ఉండే వంటామె సొంతూరికి ప్రయాణమైంది. వీడ్కోలు చెప్పే ధైర్యం లేక ఈమె తెల్లవారకముందే పనికి పారిపోయింది. పొద్దంతా కాలుగాలిన పిల్లిలా తిరిగింది. సాయంత్రం వచ్చి కుళాయి తిప్పితే చన్నీళ్ళు. చూస్తే తలుపు వెనక స్విచ్ ఆపి ఉంది. తనకన్నా గంట ముందొచ్చి రోజూ దాన్ని ఎవరు వేసేవారో అప్పుడర్థమైంది.

వెంటనే వంటామెకు ఫోన్ చేసింది. "విమానం ఎక్కేశావా?"

"వరసలో ఉన్నా. ఏమే మొద్దూ, స్విచ్ వేసుకున్నావా?"

"పొద్దున నీ మొహం చూడకుండా పారిపోయానే. ఇన్నాళ్ళూ నీకు పెట్టాల్సిన దణ్ణాలు మిషన్‌కి పెట్టాను."

"మరి దీవించిందా?" వంటామె నవ్వింది, ముక్కు ఎగబీల్చింది. "పొద్దున నేనూ దొంగనిద్రే పోయాన్లే. ముందు స్విచ్ వెయ్యి. నీళ్ళు కాగేదాకా మాట్లాడుకుందాం."

ఆమె స్విచ్ వేసింది. ఎర్రదీపం వెలిగింది. నీళ్ళు తొందరగా కాగకూడదని మొక్కుకుంటూ మాట మొదలుపెట్టింది.