విప్ గారి బొటనవేలు

ఆ పొద్దున ఆకాశం కురవాలా వద్దా అని తేల్చుకోలేక మబ్బుపట్టి ఊరుకుంది. నా పొలాన్ని జలాశయంలో ముంచే బిల్లు ఆ రోజే ఓటుకు వచ్చింది. మా ఆవిడ తమ్ముడు పార్లమెంటు సభ్యుడు. వాళ్ల పార్టీ బిల్లును ఓడించాలనుకుంది. నేను పైన సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నాను.

ఆ పార్టీవాళ్లు బిల్లులు చదవరు. ముందు వరుసలో వాళ్ల విప్ బొటనవేలు పైకెత్తితే అవునని, కిందికి దించితే కాదని మీట నొక్కుతారు. ఆ పొద్దునే విప్ వేలు కారు తలుపులో నలిగింది. డాక్టరు దాన్ని నిటారుగా నిలిపి కట్టు కట్టి, చేతిని మెడకు వేలాడదీశాడు. పాపం, విప్ తల అడ్డంగా ఊపాడు. "కాదు, కాదు!" అని అరిచాడు కూడా. అందరూ వేలినే చూశారు. బిల్లు నెగ్గింది.

బయట బావమరిదిని పట్టుకున్నాను.

"ఏరా, ఆయన అరుపు వినపడలేదా?"

"వినపడింది బావా. నోటితో ఎవరైనా ఏదైనా అంటారు. వేలు పైకుంది కదా!"

"అది నా పొలంరా."

"తెలుసు బావా. అక్కకు మాత్రం నువ్వే చెప్పు."

ఇద్దరం ఇంటికి చేరేసరికే మా ఆవిడ టీవీలో చూసేసింది. తమ్ముడికీ నాకూ వడ్డించి, తనూ పెట్టుకుంది. ఆ పొలంలో పండిన గింజలనే ముగ్గురం తిన్నాం.