సంచులు నిండుగా ఉన్నాయా

గురువారం మా మనవరాలికి టాన్సిల్స్ తీస్తామన్నారు డాక్టరుగారు. పిల్లకి తొమ్మిదేళ్లు. బల్ల అంచు తగిలితే చాలు, నేరేడుపండంత మచ్చ తేలుతుంది. పాలపన్ను ఊడితే పూటంతా నెత్తురు ఉమ్ముతూనే ఉంటుంది. అలాంటి పిల్ల గొంతులో కత్తి పెడితే ఆ నెత్తురు ఆగుతుందా అని నా బెంగ. మా అన్నయ్యకు పన్ను పీకితే మూడో రోజుకి గాని నెత్తురు కట్టలేదు. మా అబ్బాయి గడ్డం గీసుకుంటూ కోసుకుంటే మధ్యాహ్నం దాకా దూదితోనే తిరుగుతాడు. ఇవన్నీ నాకు నిన్నటి మాటలే.

మా కోడలు ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. పిల్ల నెత్తురూ తనే చూసింది. నెత్తురు ఆపే ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షలున్నాయి, ఇంకేం కావాలంది.

"మీ అన్నయ్యగారి పన్ను కథ ఈ నెలలో ఇది నాలుగోసారి, అత్తయ్యా."

అయిదోసారీ చెప్పేదాన్నే గాని, వేరే సంగతి గుర్తొచ్చింది. మందుపెట్టెలు సర్దే కార్ఖానాలో పదహారేళ్లు చేశాను. ఒకసారి నలభై పెట్టెలు లెక్కచూసి మరీ లారీ ఎక్కించాం. లెక్కకి వంక లేదు, అయిదు పెట్టెల్లో మందే లేదు.

ఆ ప్లేట్‌లెట్ల లోపల ఏముంటుందే అని అడిగాను. వంకాయలు తరుగుతూనే చెప్పుకొచ్చింది. ఒక్కొక్కదాని కడుపులో బుల్లి బుల్లి సంచులుంటాయట. కొన్నిట్లో కాల్షియం, సెరటోనిన్ లాంటి రసాయనాలు దాచుకుంటాయట. ఎక్కడైనా తెగితే ఆ సంచులు అక్కడ కుమ్మరిస్తాయి, దాంతో మిగతావీ వచ్చి అతుక్కుని గాయం మూస్తాయట.

"లెక్కపెట్టావు, బాగుంది. సంచులు నిండుగా ఉన్నాయో లేదో చూశావా?"

కత్తిపీట పక్కన పెట్టేసింది. లేచి డాక్టరుగారికి ఫోన్ చేసింది.

ఆపరేషన్ వాయిదా పడింది. పిల్ల నెత్తురు పెద్ద ల్యాబుకి వెళ్లింది. అక్కడి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో నిండు సంచులు నల్లచుక్కల్లా కనిపిస్తాయట. మా పిల్ల ప్లేట్‌లెట్లలో చుక్క కోసం వెతుక్కోవలసి వచ్చిందట. డాక్టరుగారు నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టి, మా వాళ్లందరి నెత్తురు కథలూ రెండు పేజీలు రాసుకున్నారు. అన్నయ్య పన్నుతోనే మొదలుపెట్టాను.

మూడు వారాల తర్వాత, దాతలిచ్చిన ప్లేట్‌లెట్లు ముందుగా ఎక్కించి టాన్సిల్స్ తీశారు. సాయంత్రం పిల్ల నోరు పుక్కిలించి గిన్నెలో ఉమ్మింది. కోడలు ఆ గిన్నెను కిటికీ వెలుతురులో పెట్టి చూసింది.

"ఇంకోసారి చూడవే," అన్నాను.

చూసింది. నీళ్లు తేటగానే ఉన్నాయి.