దూడ ముక్క

మా మామ నారాయణప్ప మంచివాడని పుంగనూరులో ఎవరైనా అంటే వాళ్ళ నోట్లో ఇంత బూడిద కొట్టాలనిపిస్తుంది నాకు. పక్షవాతం వచ్చిన మనిషిని అట్లా అనొచ్చా రేవతీ అంటారు. అంటాను. వాతం ఆయన చేతికీ కాలికీ నోటికీ వచ్చింది గానీ గుణానికి రాలేదు.

మాది కొయ్యబొమ్మల పని. రెండంగుళాల మందం టేకు చెక్క మీద పుంగనూరు ఆవును గీసి, సన్నరంపం మిషన్ మీద ముక్కలుగా కోస్తాం. పిల్లలు ఆ ముక్కలన్నీ కలిపి ఆవును నిలబెట్టాలి. తల ఒక ముక్క, మూపురం ఒక ముక్క, కాళ్ళు, తోక, కడుపు మధ్యలో దూడ. పలచటి చెక్కనైతే ఎవరైనా కోస్తారు. మందం చెక్కలో దారమంత బ్లేడు ఏ కాస్త ఒరిగినా కోత పైన ఒకచోట, కింద ఇంకోచోట పడుతుంది. అప్పుడు ముక్క ఒక వైపు నుంచే దూరుతుంది, రెండో వైపు నుంచి చచ్చినా దూరదు. రెండు వైపులా జారితేనే బొమ్మ, లేకుంటే కట్టెపుల్ల అనేవాడు మామ.

ఆ పని ఆయన నాకు నేర్పలేదు. చూడొద్దన్నా చూసి నేర్చుకున్నాను. ఆయన అన్నానికి లేచినప్పుడు మిషన్ దగ్గర కూర్చుని కోసేదాన్ని. తీసుకెళ్ళి చూపిస్తే దూడ ముక్కను వేలితో ఒక్కసారి నెట్టి చూసి, బొమ్మ మొత్తం పెరట్లో నీళ్ళపొయ్యిలోకి విసిరేవాడు. అదీ అందరి ముందు.

"పోన్లే అమ్మీ, నీ బొమ్మతో నా నీళ్ళన్నా కాగినాయి," అని తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోయేవాడు.

మా అత్త సుబ్బలక్ష్మమ్మ నవ్వేది. నా మొగుడు పవన్ కుమార్ కూడా నవ్వేవాడు. ఒకసారి కలికిరి నుంచి మా అమ్మ వచ్చినప్పుడు కూడా అదే జరిగింది. మా అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. బాగాలేని వాటినే కాల్చాడా అంటే, అదీ కాదు. పోనుపోను నేను కోసినవి రెండు వైపులా చక్కగా జారేవి. అయినా పొయ్యిలోకే పోయేవి. "ఆడదాని సేతికి రంపం యాల?" అనేవాడు. ఆ మాట నేను మరిచిపోలేదు, మరిచిపోను.

అట్లాంటి మనిషికి ఒక పొద్దున కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. పవన్‌కు బొమ్మలు అమ్మడమే తెలుసు, కోయడం తెలియదు. కాబట్టి మిషన్ మీద నేను కూర్చున్నాను. ఎవ్వరూ వద్దనలేదు, వద్దనే నోరు పడిపోయింది కదా! మదనపల్లె అంగళ్ళవాళ్ళు ఫోన్ చేసి రేవతమ్మ కోసిన ఆవులే పంపించమని అడగసాగారు. పెళ్ళై వచ్చాక ఆ ఇంట్లో నాకంటూ ఒక చోటు దొరికింది ఆ మిషన్ ముందరే. దాని గుర్రుమనే చప్పుడు వింటుంటే ప్రాణానికి హాయిగా ఉండేది.

మామను కుప్పం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. చేతులకు వ్యాయామం చేయించే కీర్తన అనే అమ్మాయి, మేం చేసే పని ఏమిటో విని ఎగిరి గంతేసింది.

"మందం బొమ్మలే కావాల్నమ్మా ఈయనకు! పలసటివి వేళ్ళకు అందవు. కుడిసేత్తో ముక్కలు తియ్యాల, పెట్టాల. రోజూ సేస్తా ఉంటే సెయ్యి వస్తాది."

అత్త నా గడ్డం పట్టుకుంది. "మంచిదొకటి కోసియ్యమ్మా. ఆయన సెయ్యొస్తే సాలు."

తిరిగి వస్తుంటే బస్సులో పవన్ సంబరపడిపోయాడు. "నాయనకు సెయ్యొస్తే నీకీ తిప్పలుండవులే. మిషన్ మీద ఆయన కూసుంటాడు. నువ్వు పొట్టు ఊడ్సుకుంటా సల్లగా ఇంట్లో ఉండొచ్చు." మంచిమాట చెప్పానని నవ్వాడు కూడా! ఆ చెయ్యి వస్తే నా చెయ్యి పోతుంది. దాన్ని బాగుచేసే బొమ్మను నేనే కోయాలట.

కోశాను. మిషన్ బల్ల కింద ఉన్న మరమేకును వదులు చేసి, బల్లను రవ్వంత వంచి, మళ్ళీ బిగించి కోశాను. నా జన్మలో అంత అందమైన ఆవును కోయలేదు. నున్నగా రుద్దాను, నూనె పట్టించాను, దూడకు కళ్ళు దిద్దాను. కళ్ళున్న వైపు నుంచి పెడితే ఆ దూడ కడుపులోకి పోదు. వెనక నుంచే పోతుంది. కళ్ళు కనిపిస్తుంటే వెనక నుంచి ఎవరు పెడతారు? ఎవరికైనా చూపించాల్సి వస్తే నేనే వెనక నుంచి పెట్టి చూపించేదాన్ని. తర్వాత అమ్మకం బొమ్మల కోసం బల్లను మళ్ళీ సరిచేసుకున్నాను.

మామ రోజూ పొద్దున నీళ్ళపొయ్యి పక్కన ఎండలో కూర్చుని ఆ దూడను నెట్టేవాడు. నెట్టేవాడు, నెట్టేవాడు, చెమటలు కారేవి. తల, మూపురం, కాళ్ళు అన్నీ పెట్టి దూడ దగ్గర ఆగిపోయేవాడు.

"సిన్నపిల్లోళ్ళు పెట్టే ముక్క పెట్టలేకుండాడే! మతి గూడా పోయిందేమో," అని అత్త ఆయన ఎదురుగానే అనేది. పవన్ ఆయన చెవి దగ్గర "నాయనా, ఇది దూ...డ!" అని అరిచి చెప్పేవాడు. ఇంటి సంగతులు ఆయన్ను అడగడం మానేశారు. ఆయనకేం తెలుసులే అని మంచాన్ని వెనక వసారాలోకి మార్చారు. ఊరంతటినీ గడగడలాడించిన మనిషి, అన్నం మెతుకు గడ్డానికి అంటితే తుడుచుకోలేక నా వైపు చూసేవాడు. పాపం అనిపించలేదా అంటారేమో. అనిపించలేదు.

ఒక పొద్దున నేను పొయ్యిలో కట్టెలు ఎగదోస్తున్నాను. మామ దూడను నెట్టడం ఆపి, ఆవు కడుపులో వేలు పెట్టి కోత గోడను పైనుంచి కిందికి తడిమాడు. గోడ ఏటవాలుగా తగిలి ఆ వేలు ఆగిపోయింది. తలెత్తి నన్ను చూశాడు. ఆయన కుడిచెయ్యి వణుకుతూ లేచి, దూడ ముక్కను నా పక్కనుంచి సూటిగా పొయ్యిలోకి విసిరింది.

"సెయ్యొచ్చె! మా ఆయనకు సెయ్యొచ్చె!" అని అత్త కేకలు పెడుతూ పరిగెత్తుకొచ్చింది. దూరని ముక్కను నెట్టీ నెట్టీ ఆ వేళ్ళకు పట్టొచ్చిందన్నమాట! వీధంతా చక్కెర పంచారు. కీర్తన ఫోన్ చేసి నన్నే మెచ్చుకుంది. నేను పళ్ళు నూరుకుంటూ నవ్వాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. వచ్చిన చెయ్యి ముందు చేసిన పని అదీ.

మరుసటి పొద్దున పవన్ ఆయన్ను మిషన్ ముందు కూర్చోబెట్టాడు. నన్ను అడగనైనా అడగలేదు. మామ ముందు కోణం సరిచూసే మూలమట్టం తీసి బల్లకూ బ్లేడుకూ ఆనించి చూశాడు. రవ్వంత కూడా తేడా లేదు. పొరపాటున కోసుంటే బల్ల ఇంకా వంగే ఉండాలి కదా. కావాలనే చేశానని ఆయనకు అర్థమైంది. నేను చూపు తిప్పుకోలేదు.

తర్వాత ఆయన కోశాడు. చెయ్యి వణికింది, చెక్క ఎగిరెగిరి పడింది. బ్లేడు తెగింది, పవన్ ఇంకోటి బిగించాడు. చివరికి ఒక ఆవు తయారైంది. దాని ముందుకాలు సగానికి తెగింది. దూడ ఏ వైపు నుంచీ కదల్లేదు.

"బ్రహ్మాండంగా ఉండాది నాయనా!" అన్నాడు పవన్. "మునుపటి మాదిరే ఉండాది సూడు," అంది అత్త కళ్ళు తుడుచుకుంటూ.

మామ వాళ్ళ వైపు చూడలేదు. బొమ్మను తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ ఇంట్లో కోత తెలిసినవాళ్ళం మేమిద్దరమే. బాగుంది మామా అని నేనంటే ఆయన నమ్మేవాడు. ఆ మాట కోసమే నా నోటి వైపు చూస్తూ నిలబడ్డాడు. ముసలి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

వేలితో దూడను ఒక్కసారి నెట్టి చూశాను. పెరట్లోకి నడిచాను. వెనక ఆయన కాలు ఈడ్చుకుంటూ వస్తున్న చప్పుడు వినిపించింది. వచ్చేదాకా ఆగాను. ఆయన చూస్తుండగా బొమ్మను నీళ్ళపొయ్యిలో వేశాను. టేకు కదా, నూనె చెక్క, భగ్గున అంటుకుంది.

"రేవతీ!" అని పవన్ అరిచాడు. అత్త గుండెలు బాదుకుంది.

దండెం మీద తువ్వాలు తీసి మామ భుజాన వేశాను.

"నీళ్ళు కాగినాయి మామా. రా, పోసుకుందువు."